స్టాక్ టర్బో మానిఫోల్డ్‌కి ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్: కోత నుంచి మొదటి డ్రైవ్ దాకా

టర్బో బండికి పెద్ద డౌన్‌పైప్ (టర్బో నుంచి కిందికి పోయే ఎగ్జాస్ట్ గొట్టం) వేసి, ఎగ్జాస్ట్ మొత్తం ఫ్రీ చేశాక బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, ఒక చోట నిలబడటం లేదంటే చాలాసార్లు కారణం ఒకటే. 0.8 బార్ దగ్గర ఆగాల్సిన సూది ఆర్‌పీఎం పెరిగేకొద్దీ 1.0, 1.2 అని ఎక్కుతూనే ఉంటుంది. బూస్ట్ కంట్రోలర్ పక్కన పెట్టి గాలి గొట్టం నేరుగా యాక్చువేటర్‌కి (అదనపు గ్యాస్‌ని వదిలే తలుపుని తెరిచే డబ్బాకి) తగిలించినా అదే వరస. బూస్ట్ క్రీప్ అంటే ఇదే. టర్బైన్ హౌసింగ్‌లో (ఎగ్జాస్ట్ గ్యాస్ చక్రాన్ని తిప్పే చోట) కంపెనీ ఇచ్చిన ఆ తలుపు, అంటే ఫ్లాపర్, పూర్తిగా తెరుచుకున్నా ఆ చిన్న రంధ్రంలోంచి పోవాల్సినంత గ్యాస్ పోవడం లేదు, మిగిలిందంతా టర్బైన్ చక్రం మీదికే వెళ్తోంది. స్ప్రింగ్ మార్చినా, సాఫ్ట్‌వేర్‌లో ఎంత తగ్గించినా లాభం లేదు. గ్యాస్‌కి ఇంకో దారి కావాలి.

ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్, అంటే అదనపు గ్యాస్‌ని వదిలేందుకు విడిగా బిగించే వాల్వ్, ఆ దారి ఇస్తుంది, అదీ టర్బైన్‌కి ముందే, మానిఫోల్డ్ (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ని కలిపి టర్బోకి చేర్చే భాగం) మీద. కొత్త ట్యూబులర్ (గొట్టాలతో చేసిన) మానిఫోల్డ్ కొనకుండా స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన పోత లోహపు మానిఫోల్డ్‌కే దీన్ని అమర్చవచ్చు. స్టాక్ పోతకి ఉండే మన్నికే వేరు, ఏళ్ల తరబడి ఆ వేడికి తట్టుకుని నిలబడిన వస్తువు అది, అందుకే నాకు ఈ పని ఇష్టం. కానీ దాని గురించి మాట్లాడేవాళ్లు గేట్ ఎన్ని మిల్లీమీటర్లు అన్న దగ్గరే ఆగిపోతుంటారు. గేట్ ఎక్కడ కూర్చుంది, ఏ కోణంలో కూర్చుంది, వెల్డింగ్ చేసేటప్పుడు పోతని ఎంత నెమ్మదిగా వేడి చేసి ఎంత నెమ్మదిగా చల్లార్చారు అన్న మూడు విషయాలే ఈ పని నిలబడుతుందా లేదా తేలుస్తాయి. తప్పు చోట పెట్టిన 44 మి.మీ. గేట్ కన్నా సరైన చోట పెట్టిన 38 మి.మీ. గేట్ బూస్ట్‌ని బాగా పట్టుకుంటుంది.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మీ ఇంజన్‌కి అసలు విడి మానిఫోల్డ్ ఉందా చూడండి. ఫోక్స్‌వ్యాగన్ ఈఏ888 మూడో తరం, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సిలిండర్ హెడ్ లోపలే కలిసిపోయి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కి బిగుస్తుంది. వాటిలో ఈ పని కుదరదు, టర్బైన్ హౌసింగ్ మీదే ఏదైనా చేయాలి. కొన్నిటిలో మానిఫోల్డ్, టర్బైన్ హౌసింగ్ ఒకే పోతగా వస్తాయి. అక్కడ వెల్డింగ్ చేస్తే చక్రం తిరిగే చోటు వంకర పోయే ప్రమాదం ఉంది కాబట్టి నేను వద్దనే అంటాను. పల్చటి రేకుతో రెండు పొరలుగా చేసిన మానిఫోల్డ్ అయినా వదిలేయండి, గేట్ బరువుని అది మోయలేదు.

రెండోది, పగుళ్లు. వాడిన మానిఫోల్డ్‌లో రన్నర్లు (ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే గొట్టాలు) కలిసే చోట, టర్బో ఫ్లాంజ్ (టర్బో బిగించే ముఖం) మూలల్లో సన్నటి పగుళ్లు ఉండటం మామూలే. పగిలిన పోత మీద మళ్లీ వెల్డింగ్ వేడి పెడితే ఆ పగులు ఇంకా పాకుతుంది. శుభ్రంగా కడిగి డై పెనిట్రెంట్ కొట్టి చూడాలి: ఎర్ర రంగు స్ప్రే చేసి 10, 15 నిమిషాలు ఉంచి, పొడి గుడ్డతో తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత లేచి వస్తుంది. గీత కనిపిస్తే ఇంకో మానిఫోల్డ్ వెతుక్కోండి.

మూడోది చట్టం. ఎగ్జాస్ట్‌లో ఇలాంటి మార్పులు రోడ్డు మీద నడిచే బండికి చాలా చోట్ల కుదరవు. గేట్ నుంచి వచ్చే గ్యాస్‌ని బయటికి వదిలేస్తే అది క్యాటలిటిక్ కన్వర్టర్ దాటకుండానే పోతుంది, పైగా చప్పుడు. మీ దగ్గర రూల్ ఏంటో ముందే చూసుకోండి, దాన్నిబట్టే గొట్టం ఎటు తిప్పాలో తేలుతుంది.

పోతకి వెల్డింగ్ వద్దనుకునేవాళ్లకి ఇంకో మార్గం ఉంది. మానిఫోల్డ్‌కి, టర్బోకి మధ్య పెట్టే స్పేసర్ ప్లేట్లు దొరుకుతాయి, వాటి పక్కనుంచి గేట్‌కి ఒక మెడ (గేట్ బిగించే పొట్టి పైపు) ఉంటుంది. కోయడం, అతకడం లేవు. కానీ టర్బో ఆ ప్లేట్ మందం మేర పక్కకి జరుగుతుంది, డౌన్‌పైప్, ఆయిల్ లైన్లు అన్నీ మళ్లీ సర్దాలి, గ్యాస్ 90 డిగ్రీలు మలుపు తిరిగి గేట్‌లోకి పోవాలి. తక్కువ పవర్ బళ్లకి సరిపోతుంది. క్రీప్ గట్టిగా ఉన్న బండికి అది సగం మందే.

లోహం ఏంటో తెలుసుకోండి

ఇది తెలియకుండా వెల్డింగ్ రాడ్ ఎంచుకోలేరు. కనపడని మూలలో గ్రైండర్ కొంచెం తగిలించి రవ్వలు చూడండి. గ్రే కాస్ట్ ఐరన్ అయితే రవ్వలు పొట్టిగా, మసక ఎరుపులో వచ్చి వెంటనే ఆరిపోతాయి. స్టీల్ రవ్వలు పొడుగ్గా, పసుప్పచ్చగా మెరుస్తూ చివర్లో చిట్లుతాయి. డ్రిల్ చేస్తే కాస్ట్ ఐరన్ నల్లటి పొడిలా, చిన్న చిన్న పలుకుల్లా రాలుతుంది, స్టీల్ అయితే చుట్టలు చుట్టలుగా వస్తుంది. టర్బో బళ్లలో ఎక్కువగా డక్టైల్ ఐరన్ (కాస్ట్ ఐరన్‌లోనే ఒక రకం), అందులోనూ సిలికాన్, మాలిబ్డినం ఎక్కువ కలిపిన రకం కనిపిస్తుంది. అది వేడికి బాగా ఓర్చుకుంటుంది గానీ చల్లగా ఉన్నప్పుడు పెళుసు. అయస్కాంతం అంటుకోకపోతే అది నికెల్ ఎక్కువున్న పోత కావచ్చు, పోత స్టెయిన్‌లెస్ కావచ్చు. అప్పుడు అలాంటిది ఇంతకుముందు అతికిన వెల్డర్‌కే ఇవ్వండి.

గేట్ సైజు

దీనికి ఎక్కువసేపు పట్టదు. తక్కువ బూస్ట్‌లో ఎక్కువ పవర్ తీసే పెద్ద ఇంజన్‌కి పెద్ద గేట్ కావాలి, ఎందుకంటే అక్కడ ఎక్కువ గ్యాస్ టర్బైన్‌ని తప్పించి పక్కకి పోవాలి. ఎక్కువ బూస్ట్ నడిపే చిన్న ఇంజన్‌కి చిన్నది చాలు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. స్టాక్ ఫ్లాపర్ రంధ్రం 24 మి.మీ. అనుకుందాం, దాని వైశాల్యం 452 చదరపు మి.మీ. 38 మి.మీ. గేట్ అయితే 1134, అంటే రెండున్నర రెట్లు. 44 అయితే 1521. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి, మామూలు పవర్‌కి 38 సాధారణంగా సరిపోతుంది.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. వాల్వ్ కొంచెం లేచినంత మాత్రాన రంధ్రం మొత్తం వాడకంలోకి రాదు. వాల్వ్ చుట్టూ ఏర్పడే సందు వైశాల్యమే అసలు దారి. 38 మి.మీ. వాల్వ్ 5 మి.మీ. లేస్తే దొరికేది 597 చదరపు మి.మీ. మాత్రమే, పూర్తి దారి కావాలంటే 9.5 మి.మీ. లేవాలి. అందుకే మెత్తటి స్ప్రింగ్ పెట్టి సరైన ఒత్తిడి అందించినప్పుడే గేట్ సైజుకి అర్థం ఉంటుంది.

ఎక్కడ, ఏ కోణంలో

ఈ భాగానికి ఎంత టైమ్ పెట్టినా తక్కువే. మానిఫోల్డ్‌ని బల్ల మీద పెట్టుకుని నాలుగు పోర్ట్‌ల నుంచి గ్యాస్ ఎలా నడుస్తుందో వేలితో గీసినట్టు చూడండి. మెత్తటి తీగ ఒక్కో పోర్ట్‌లోంచి టర్బో ఫ్లాంజ్ దాకా దూర్చితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అన్ని సిలిండర్ల గ్యాస్ కలిసే ఒకే ఒక్క చోటు ఉంటుంది, టర్బో ఫ్లాంజ్‌కి కాస్త పైన. గేట్ మెడ అక్కడే ఉండాలి. ఖాళీ ఉంది కదా అని ఒకటో సిలిండర్ రన్నర్ మీద పెడితే ఆ ఒక్క సిలిండర్ గ్యాసే సులువుగా పోతుంది, మిగతా మూడింటిదీ వెనక్కి తిరిగి రావాలి. అది రాదు, నేరుగా టర్బోలోకే పోతుంది. బూస్ట్ మళ్లీ ఎక్కుతుంది, పైగా సిలిండర్ల మధ్య వెనుక ఒత్తిడి తేడాలు వస్తాయి.

ట్విన్ స్క్రోల్ మానిఫోల్డ్ అయితే సిలిండర్లు రెండు జతలుగా, మధ్యలో గోడతో విడిపోయి ఉంటాయి, మామూలుగా 1-4 ఒక వైపు, 2-3 ఒక వైపు. ఒక వైపే గేట్ పెడితే రెండో వైపు అలాగే బిగుసుకుపోయి ఉంటుంది. రెండు వైపుల నుంచీ మెడలు తీసి రెండు చిన్న గేట్లు పెట్టాలి, లేదా రెండు మెడలనీ గోడ చెడకుండా గేట్ ముఖం దాకా తెచ్చి ఒక పెద్ద గేట్‌కి కలపాలి.

ఇక కోణం. గ్యాస్ వెళ్లే దిశకీ మెడకీ మధ్య కోణం ఎంత తక్కువైతే అంత మంచిది. వేగంగా పారే కాలువలోంచి పక్క పొలానికి నీళ్లు మళ్లించాలంటే పారే వైపుకే ఏటవాలుగా గండి కొడతాం గదా, ఇదీ అంతే. 90 డిగ్రీల్లో నిలువుగా పెట్టిన మెడ దగ్గర గ్యాస్ ముందుకి దూసుకుపోతుంది, మెడలోకి తిరగదు. గేట్ ఎంత పెద్దదైనా అంతే.

అలాగని మరీ తక్కువ కోణం పెడదామంటే లెక్క అడ్డొస్తుంది. లోపలి వ్యాసం 41 మి.మీ. ఉన్న మెడని చదునైన గోడ మీద 45 డిగ్రీల్లో పెడితే కోయాల్సిన రంధ్రం పొడవు 58 మి.మీ. అదే 30 డిగ్రీల్లో అయితే 82. స్టాక్ మానిఫోల్డ్ మీద 82 మి.మీ. ఖాళీ దొరకడం కష్టం, దొరికినా అంత కోస్తే పోత బలం పోతుంది. అందుకని 40, 45 డిగ్రీల మధ్య ఆచరణలో కుదిరే కోణం.

బండిలో పెట్టి చూడటం

కాగితం మీద బాగున్న చోటు బండిలో ఇరుకు కావచ్చు. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపులు, ఏసీ లైన్లు, రేడియేటర్ ఫ్యాన్, బానెట్, ఫైర్‌వాల్ అన్నిటికీ దూరం చూడండి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి కనీసం 15, 20 మి.మీ. ఖాళీ ఉండాలి. వీ-బ్యాండ్ క్లాంప్ (గేట్‌ని మెడకి పట్టి ఉంచే పట్టీ) నట్‌కి స్పానర్ అందుతుందా, స్పార్క్ ప్లగ్ తీయగలరా, గేట్ పై మూత తీసి స్ప్రింగ్ మార్చగలరా అన్నవీ ఇప్పుడే చూసుకోవాలి. గేట్ లోపలి డయాఫ్రం (గాలి ఒత్తిడికి కదిలే పొర) రబ్బరు జాతిదే, వేడికి పాడయ్యేది అదే మొదట. మూత భాగం టర్బైన్ హౌసింగ్ వైపు కాకుండా గాలి తగిలే వైపు ఉండాలి. నీళ్ల పోర్ట్‌లున్న గేట్ అయితే వాటికి కూలెంట్ కలపండి.

చోటు ఖాయం అయ్యాక మెడని మానిఫోల్డ్‌కి టాక్ (చుక్క వెల్డింగ్) వేయాలనిపిస్తుంది. చల్లటి పోత మీద టాక్ వేయకండి. ఆ చిన్న చుక్క కిందే పోత గట్టిపడి వెంట్రుక మందం పగులు మొదలవుతుంది, తర్వాత ఎంత బాగా అతికినా అది లోపల ఉండనే ఉంటుంది. గట్టి పుట్టీతోనో తీగతోనో నిలబెట్టి, మెడ మీదా పోత మీదా కలిసేలా మూడు నాలుగు చోట్ల గీతలు గీసుకుంటే చాలు.

మెడకి ఏ పైపు

అందరూ స్టెయిన్‌లెస్ అంటారు. స్టెయిన్‌లెస్ మానిఫోల్డ్‌కి సరే, 304 లేదా 321 రకం, షెడ్యూల్ 10 పైపు వాడండి (షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి). కాస్ట్ ఐరన్‌కి మాత్రం నేను మందమైన మైల్డ్ స్టీల్ పైపే వాడమంటాను. కారణం వ్యాకోచం. 304 స్టెయిన్‌లెస్ వేడికి సాగే గుణకం డిగ్రీకి మిలియన్‌లో 17 వంతులు, కాస్ట్ ఐరన్‌ది సుమారు 11, మైల్డ్ స్టీల్‌ది 12. 48 మి.మీ. మెడ 800 డిగ్రీలు వేడెక్కితే స్టెయిన్‌లెస్‌కీ పోతకీ మధ్య దాదాపు పావు మిల్లీమీటర్ తేడా వస్తుంది. ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ పావు మిల్లీమీటర్ వెల్డింగ్‌ని లాగుతూనే ఉంటుంది. మైల్డ్ స్టీల్ పోతతో కలిసి సాగుతుంది. తుప్పు, పొలుసు లేస్తాయి, నిజమే, కానీ ఒకటిన్నర అంగుళాల షెడ్యూల్ 40 పైపు గోడ 3.68 మి.మీ. ఉంటుంది, లోపలి వ్యాసం 40.9, బయటిది 48.3. 38 మి.మీ. గేట్‌కి చక్కగా సరిపోతుంది. జింకు పూత ఉన్న పైపు మాత్రం వద్దు, వెల్డింగ్‌లో వచ్చే పొగ మనిషిని పడేస్తుంది.

గేట్‌తో వచ్చే వీ-బ్యాండ్ రింగ్ స్టెయిన్‌లెస్ అయితే దాన్ని మైల్డ్ స్టీల్ మెడకి 309ఎల్ ఫిల్లర్ తీగతో టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే) వెల్డింగ్ చేయాలి. ఈ అతుకు ముందే బల్ల మీద పూర్తి చేసేయండి. అతికేటప్పుడు రింగ్‌కి ఇంకో రింగ్ జోడించి క్లాంప్ బిగిస్తే ముఖం వంకర పోదు. గేట్‌ని మాత్రం తగిలించి వెల్డింగ్ చేయకూడదు, డయాఫ్రం కాలిపోతుంది. మెడ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడవు పెరిగేకొద్దీ గేట్ బరువు అతుకు మీద ఎక్కువ గుంజుతుంది.

కోయడం

పోత పొడిగానే కోయండి, నూనె, కూలెంట్ ఏవీ వద్దు. సూక్ష్మరంధ్రాల్లోకి నూనె దిగితే వెల్డింగ్‌లో అది బుడగలై లేస్తుంది. ఏటవాలు గోడ మీద హోల్ సా జారిపోతుంది కాబట్టి గీత లోపలివైపు వరసగా చిన్న రంధ్రాలు వేసి, మధ్య ముక్క పడగొట్టి, కార్బైడ్ బర్‌తో గీత దాకా తెరవడం నయం. మాస్క్ పెట్టుకోండి, ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

మెడని రంధ్రంలోకి దూర్చకూడదు, పోత ఉపరితలం మీద జీను కూర్చున్నట్టు కూర్చోవాలి. మెడ చివర ఆ వంపుకి తగ్గట్టు అరగదీయాలి. కాంతి ఎదురుగా పెట్టి చూస్తూ, ఎక్కడ వెలుగు ఎక్కువ కనిపిస్తే దాని పక్కన అరగదీస్తూ వెళ్తే కాసేపటికి చుట్టూ సమానంగా 1.5, 2 మి.మీ. సందు వస్తుంది. రంధ్రం అంచునీ మెడ అంచునీ బయటివైపు 45 డిగ్రీలు చెక్కండి, వెల్డింగ్ అడుగు దాకా దిగాలి. రంధ్రం దగ్గర గోడ మందం కొలవండి, 4 మి.మీ. కన్నా తక్కువుంటే ఆ చోటు మార్చుకోండి.

అతకడం

ముందు నూనె, మసి మొత్తం పోవాలి. బర్నర్‌తో పోతని బాగా వేడి చేస్తే లోపల ఇంకిన నూనె పొగై పోతుంది, పొగ ఆగేదాకా చేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆర్క్ దగ్గరికి తీసుకెళ్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, ఆ ఆవిరి ఆర్క్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. ఎసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

కాస్ట్ ఐరన్‌లో కార్బన్ 2.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. వెల్డింగ్ పక్కన పోత కరిగి త్వరగా చల్లారితే ఆ కార్బన్ గట్టి, పెళుసు పొరగా మారుతుంది, పగులు వెల్డింగ్‌లో కాకుండా దాని పక్కనే గీత గీసినట్టు వస్తుంది. ఇక్కడ చేసే ప్రతి పనీ ఆ చల్లారే వేగాన్ని తగ్గించడానికే.

మానిఫోల్డ్‌ని మందమైన స్టీల్ ప్లేట్‌కి బిగించండి, 15 మి.మీ.కి తగ్గకుండా. నట్లు పైకి లేవకుండా పట్టుకునేంతే బిగించాలి, పూర్తిగా కాదు. 450 మి.మీ. పొడవున్న మానిఫోల్డ్ 300 డిగ్రీలకి వెళ్తే దాదాపు 1.4 మి.మీ. సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే ఆ ఒత్తిడంతా అతుకు మీదే పడుతుంది. ప్లేట్‌తో కలిపి మొత్తం వేడి చేయాలి, రంధ్రం చుట్టూ మాత్రమే కాదు. 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్లి, టెంపరేచర్ క్రేయాన్‌తో గాని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గాని మూడు నాలుగు చోట్ల చూడండి. పని మొత్తం అయ్యేదాకా అంతకన్నా తగ్గకూడదు.

రాడ్ 55 శాతం నికెల్‌ది, ఈఎన్‌ఐఎఫ్‌ఈ-సీఐ అని పెట్టె మీద ఉంటుంది. 99 శాతం నికెల్‌ది ఇంకా మెత్తగా ఉంటుంది, దానిమీద మెషినింగ్ సులువు, కానీ డక్టైల్ పోతకి, బరువు మోసే అతుక్కి 55 నయం. 2.5 మి.మీ. రాడ్, పెట్టె మీద రాసిన కరెంట్‌లో తక్కువ వైపు.

మెడని వెంటనే అతకొద్దు. ముందు రంధ్రం అంచు చుట్టూ పోత మీద మాత్రమే ఒక పొర నికెల్ వేయండి. పొర అంతా ఒకేసారి కాదు, 25 మి.మీ. పూస (వెల్డింగ్ గీత) వేసి, చివర్లో కొంచెం వెనక్కి వచ్చి గుంట నింపి ఆర్క్ ఆపాలి, ఆ గుంటలోనే పగులు మొదలవుతుంది. పూస ఎర్రదనం పోతుండగానే గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో దాని మీద చకచకా తేలిక దెబ్బలు వేయాలి, పూస నిండా చిన్న చిన్న గుంటలు పడేదాకా. చల్లారుతున్న పూస ముడుచుకుంటూ పోతని లాగుతుంది, ఈ దెబ్బలు దాన్ని సాగదీసి ఆ లాగుడు తగ్గిస్తాయి. తర్వాత పూస ఎదురుగా అవతలి వైపు, ఆ తర్వాత పక్కకి, ఇలా మారుతూ వేయాలి. ప్రతిసారీ స్లాగ్ (పూస మీద కట్టే పెచ్చు) తీసి వైర్ బ్రష్ కొట్టాలి. పొర పూర్తయ్యాక దాన్ని కాస్త చదును చేసి, గీతలు కలిపి మెడ నిలబెట్టి, ఇప్పుడు నికెల్ పొరకీ మెడకీ మధ్య అతుకు వేయండి. ఇదీ పొట్టి పూసలే, ఇదీ సుత్తి దెబ్బలే. విసుగొస్తుంది, కానీ తొందరపడి చుట్టూ ఒకే పూస లాగితే చల్లారేటప్పుడు టిక్కుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. అది పగిలిన చప్పుడు.

నికెల్ పొగ మంచిది కాదు. గాలి బాగా ఆడే చోట, సరైన రెస్పిరేటర్‌తో చేయండి.

పని అయిన వెంటనే మొత్తం మళ్లీ ఒకసారి సమానంగా వేడి చేసి, పొడి ఇసుకలో పూడ్చండి లేదా సిరామిక్ దుప్పటిలో చుట్టేయండి. తెల్లారేదాకా ముట్టుకోవద్దు. ఎలా వచ్చిందో చూద్దామని మధ్యలో విప్పితే చేసిందంతా పాడవుతుంది.

స్టెయిన్‌లెస్ మానిఫోల్డ్ అయితే ఈ వేడి గొడవ లేదు. లోపలివైపు ఆర్గాన్ నింపి టిగ్ చేస్తే చాలు, లేకపోతే వెనకవైపు నల్లగా మాడిన ముద్దలు కట్టి తర్వాత రాలుతాయి.

పరీక్ష, శుభ్రం

మళ్లీ డై పెనిట్రెంట్, అతుకు చుట్టూ, దాని పక్కన పోత మీద కూడా. తర్వాత పోర్ట్‌లు ప్లేట్లతో మూసి 1 బార్ గాలి పెట్టి సబ్బు నీళ్లు రాయండి. బుడగ వచ్చిన చోట గీరి, మళ్లీ వేడి చేసి అతకాలి.

హెడ్ వైపు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి దాటితే మెషిన్ షాప్‌లో ముఖం తీయించాలి. బోల్ట్‌లు లాగేస్తే సరిపోతుందనుకోవద్దు, స్టడ్‌లు తెగుతాయి.

లోపలివైపు మాత్రం చాలా శ్రద్ధగా చూడాలి. లోపలికి దిగిన నికెల్ చుక్కలు, స్లాగ్, గ్రైండర్ పొడి అన్నీ డై గ్రైండర్‌తో, వైర్ బ్రష్‌తో తీసి, గాలి కొట్టి, వేలు పెట్టి తడిమి చూడండి. లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే టర్బైన్ చక్రానికి మెతుకంత స్లాగ్ తగిలినా రెక్కలు పోతాయి. పనిలో పనిగా మెడ మొదట్లో ఉన్న పదును అంచులు గుండ్రంగా చేయండి, గ్యాస్ ఇంకా బాగా తిరుగుతుంది.

పాత ఫ్లాపర్ మూయడం

కొత్త గేట్ పెట్టాక స్టాక్ ఫ్లాపర్ ఎప్పుడూ తెరుచుకోకూడదు. యాక్చువేటర్ తీసేసి, ఆర్మ్‌ని టర్న్‌బకిల్ రాడ్‌తో బ్రాకెట్‌కి గట్టిగా లాగి కట్టడం సులువు, మళ్లీ వెనక్కి వెళ్లాలంటే వీలుంటుంది. కానీ ఆ ఫ్లాపర్ కొంచెం లీక్ అవుతుంది, ఎక్కువ వెనుక ఒత్తిడి ఉన్నప్పుడు కొంచెం లేస్తుంది కూడా. శాశ్వతంగా అంటే ఫ్లాపర్ తీసేసి రంధ్రానికి ప్లేట్ అతికి, షాఫ్ట్ రంధ్రం కూడా మూయాలి. హౌసింగ్‌కి వెల్డింగ్ చేసేముందు మధ్య భాగం, అంటే బేరింగ్‌లు, చక్రాలు ఉన్న కార్ట్రిడ్జ్ విప్పి పక్కన పెట్టండి. పోత నియమాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

గేట్ నుంచి బయటికి గొట్టం

బయటికి వదిలేస్తే పని తేలిక, బూస్ట్ అదుపు కూడా బాగుంటుంది. కానీ గొట్టం నోరు బానెట్ కింద ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది, మంట వైరింగ్‌కి తగులుతుంది. బండి కిందికి, వెనక్కి తిప్పాలి.

డౌన్‌పైప్‌లో కలపాలంటే టర్బైన్ నుంచి వీలైనంత దూరంగా, 300 మి.మీ. అయినా కిందికి వెళ్లాక, తక్కువ కోణంలో కలపండి. టర్బో నోటి దగ్గరే కలిపితే అక్కడి సుడిలో రెండు ప్రవాహాలూ కొట్టుకుంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే దానికి ముందే కలవాలి. మానిఫోల్డ్, డౌన్‌పైప్ వేరు వేరుగా సాగుతాయి కాబట్టి ఈ గొట్టంలో ఫ్లెక్స్ బెలోస్ (వంగే ముడతల ముక్క) తప్పనిసరి, అది లేకపోతే మీరు అంత జాగ్రత్తగా వేసిన మెడ అతుకే పగులుతుంది. గొట్టం బరువు గేట్ మీద వేలాడకూడదు, దానికి వేరే బ్రాకెట్ ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన టర్బో సపోర్ట్ బ్రాకెట్ అడ్డొచ్చిందని పారేయకండి, దానికి తగ్గట్టు ఇంకోటి చేయించండి.

మానిఫోల్డ్‌కి హీట్ వ్రాప్ చుట్టాలనిపిస్తే ఆగండి. అతుకు ఉన్న పోతని చుట్టేస్తే అది ఇంకా వేడెక్కుతుంది, పగులు వచ్చినా కనపడదు. రేకు షీల్డ్ మంచిది.

గొట్టాలు, స్ప్రింగ్

స్ప్రింగ్ మీరు నడపాలనుకునే కనిష్ఠ బూస్ట్‌కి ఎంచుకోండి. కంట్రోలర్‌తో దానికి సుమారు రెట్టింపు దాకా తీసుకెళ్లవచ్చు. గేట్ బిగించే ముందు రెగ్యులేటర్ ఉన్న గాలి లైన్ గేట్ పక్కనున్న పోర్ట్‌కి పెట్టి, వాల్వ్ ఎంత ఒత్తిడి దగ్గర లేవడం మొదలవుతుందో, ఎక్కడా పట్టేయకుండా మళ్లీ మూసుకుంటుందో చూడండి. ఇంజన్ మీద ఎగ్జాస్ట్ ఒత్తిడి కూడా వాల్వ్‌ని కింది నుంచి తోస్తుంది, కాబట్టి బల్ల మీద వచ్చిన అంకె కన్నా ముందే తెరుచుకోవచ్చు.

పక్క పోర్ట్‌కి కంప్రెసర్ హౌసింగ్ నుంచి విడిగా ఒక గొట్టం ఇవ్వండి, మధ్యలో గేజ్‌కనో ఇంకోదానికనో టీ జాయింట్ వేయొద్దు. ఆ గొట్టం ఊడితే బూస్ట్‌కి పగ్గం ఉండదు, అందుకే రెండు చివర్లా క్లాంప్‌లు ఉండాలి, గేట్ దగ్గర సిలికాన్ బదులు లోహపు జాలీ ఉన్న టెఫ్లాన్ లైన్ వేయాలి. పై పోర్ట్ స్ప్రింగ్ మీద మాత్రమే నడిపేటప్పుడు గాలికి తెరిచి ఉండాలి, మూత పెట్టేయకూడదు. సాలెనాయిడ్ (బూస్ట్ కంట్రోలర్ కరెంట్‌తో నడిపే వాల్వ్) కలిపాక దాని ప్లగ్ తీసేసి పై పోర్ట్ గొట్టంలో ఊది చూడండి: గాలి బయటి వాతావరణంలోకి పోవాలి. కరెంట్ పోయినప్పుడు బూస్ట్ స్ప్రింగ్ స్థాయికి పడిపోతుందన్నమాట. అలా పోకపోతే పోర్ట్‌లు తారుమారయ్యాయి.

మొదటి డ్రైవ్

ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ఓవర్‌బూస్ట్ కట్, అంటే బూస్ట్ హద్దు దాటితే ఇంజన్‌ని ఆపే సెట్టింగ్, పెట్టుకోకుండా బయటికి తీయకండి. స్టాక్ ఈసీయూ పాత యాక్చువేటర్‌ని వెతుకుతుంది, బూస్ట్ లెక్కలు తప్పి ఎర్రర్ కోడ్‌లు వేస్తుంది, కాబట్టి ట్యూనింగ్ ఎలాగూ కావాలి. మొదట పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి పూర్తిగా చల్లారనిచ్చి నట్లు మళ్లీ టార్క్ చేయండి. ఇలా ఇంకోసారి. చప్పుడు, మసి మరకలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి.

తర్వాత సాలెనాయిడ్ లేకుండా, స్ప్రింగ్ మీద మాత్రమే, ట్రాక్ మీద గానీ డైనో (బండిని నిలబెట్టి పరీక్షించే యంత్రం) మీద గానీ, మూడో గేర్‌లో సగం థ్రాటిల్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ బూస్ట్‌నీ ఆర్‌పీఎంనీ లాగ్ చేయండి. గీత పైకి లేచి స్ప్రింగ్ ఒత్తిడి దగ్గర చదునుగా సాగితే పని కుదిరింది. మొదట్లో ఒక్క క్షణం ఎగిరి దిగితే అది స్పైక్. గొట్టం పొడవు, కంట్రోలర్ సెట్టింగ్ చూసుకుంటే పోతుంది. పై ఆర్‌పీఎంలో మెల్లగా ఎక్కుతుంటే ఇంకా క్రీప్ ఉన్నట్టే, బయటి గొట్టం ఇరుకుగా ఉందా, మలుపులు ఎక్కువయ్యాయా చూడండి, ఆ తర్వాతే మెడ కోణాన్ని అనుమానించండి. స్ప్రింగ్ ఒత్తిడి కూడా రాకపోతే పాత ఫ్లాపర్ లీక్ అవుతోంది, లేదా కొత్త వాల్వ్ కింద చిన్న ముక్క ఏదో ఇరుక్కుని పూర్తిగా మూసుకోవడం లేదు.

మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత షీల్డ్ తీసి, అతుకు పక్కన పోత మీద, ముఖ్యంగా మెడ కింది వైపు మూలలో, టార్చ్ వేసి చూడండి. పగులు వస్తే మొదట నల్లటి మసి గీతగా కనిపించేది అక్కడే.